మెరైన్ చేపలకు కాపర్, క్వారంటైన్: షాపులో నేను చేసే పద్ధతి

నల్గొండలో సముద్రపు చేపలు అమ్ముతా అన్నప్పుడు మావోళ్లందరూ నవ్విన్రు. సముద్రం చూడాలంటే బాపట్ల దాటి సూర్యలంక దాకా పోవాలె, ఇక్కడేమో తాగే నీళ్లకే ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ గోస, నీకెందుకురా ఉప్పునీళ్ల యాపారం అని. దానికి నవ్వుడేమో గాని, మొదటి ఏడాది నేను చేసిన పనులకు మాత్రం నిజంగనే నవ్వాలె.

ఇప్పుడు మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి సైడు షాపులు పెట్టుకున్న తమ్ముళ్లు ఫోన్ చేస్తుంటరు, గోల్డ్ ఫిష్, ఫైటర్లతో పాటు ఒక మూలకు రెండు మెరైన్ ట్యాంకులు పెట్టుకుంటరు, అందరూ అడిగేది ఒక్కటే, అన్నా కాపర్ (తెల్ల చుక్కల రోగానికి వేసే రాగి మందు) ఎన్ని చుక్కలు వెయ్యాలె. చుక్కల్లో చెప్తే అయ్యే పని కాదిది. ఫోన్ల ప్రతిసారి అరగంట చెప్పలేక మొత్తం ఒక్కచోట రాస్తున్న.

ముందు నా మొదటి ఘనకార్యం చెప్తా. హైదరాబాద్ నుంచి పౌడర్ బ్లూ ట్యాంగ్ అనే నీలం రంగు సముద్రపు చేపను తెప్పించిన. రెండో రోజు పొద్దున చూస్తే రెక్కల మీద సన్నుప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. ఎవరో చెప్తే కాపర్ బాటిల్ తెచ్చి, ట్యాంకు ఇన్ని లీటర్లుంటది అని కంటితోనే అంచనా కట్టి, మళ్లీ చేప సస్తదేమో అని భయపడి అందులో సగమే పోసిన. నాలుగు రోజులకు చుక్కలు మాయం, నా అంత మొనగాడు లేడనుకున్న. మిర్యాలగూడ నుంచి రెగ్యులర్ గా వచ్చే అన్న ఒకాయన తీసుకపోయిండు, ఆయన ఇంట్ల అప్పటికే రెండేండ్ల నుంచి పెంచుతున్న క్లౌన్ల జత, ఒక ఎల్లో ట్యాంగ్ ఉన్నయ్. పన్నెండో రోజు పొద్దుగాల ఫోన్ వచ్చింది, తమ్మీ నువ్విచ్చిన చేప ఒక్కటే కాదురా, అన్నీ పోయినయ్ అని. ఒక్క మాట కూడా తిట్టలేదు, తిట్టినా కొంచెం మనసు తేలికయ్యేది.

ఆ చుక్కలు ఎందుకు మాయమైనయో అప్పుడు నాకు తెల్వదు. మెరైన్ ఇక్, అంటే క్రిప్టోకారియాన్ అనే పురుగు, చేప చర్మం కింద దూరి 3 నుంచి 7 రోజులు తింటది, మనకు కనపడే తెల్ల చుక్క అదే. కడుపు నిండినంక దానంతట అదే రాలి కిందికి పోతది, అక్కడ గట్టి పెంకు లాంటి గూడు కట్టుకుని లోపల ఒకటి రెండయి, రెండు నాలుగయి వందల పిల్లలైతది. ఆ గూడు పగలడానికి కొన్నిసార్లు 3 రోజులు పడితే కొన్నిసార్లు నాలుగు వారాలు పడతది, 72 రోజులు పట్టినట్టు కూడా రికార్డు ఉంది. పగిలినంక బయటికొచ్చిన పిల్లలు ఈదుకుంట చేపను వెతుక్కుంటయ్, ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కుంటే సస్తయ్. కాపర్ చంపేది ఈ ఈదే పిల్లలను మాత్రమే. చర్మం కిందున్నదాన్ని అంటలేదు, గూట్లో ఉన్నదాన్ని అంటలేదు. అంటే నేను కాపర్ పోసినా పొయ్యకున్నా నాలుగో రోజుకు ఆ చుక్కలు రాలిపోయేటివే, నా సగం డోసుకు చావక మిగిలిన పిల్లలు మనకు కనపడకుండ మొప్పల్లో దూరినయ్, నేనేమో చేప నయమైందని అమ్మిన.

చాలా షాపుల్లో జరిగేది ఇదే అన్నా. మొత్తం ట్యాంకులన్నిటికీ ఒక్కటే సంప్ (అన్ని ట్యాంకుల నీళ్లు కలిసే తొట్టి), అందులో ఎప్పుడూ ఇంత కాపర్ ఉంటది, ఎంత ఉందో ఎవరికీ తెల్వదు, 0.1 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉంటదో 0.15 ఉంటదో. రోగం చావది, బయటికి కనపడది అంతే. కస్టమర్ ఇంటికి పోయి కాపర్ లేని నీళ్లల్ల వేసిన వారం పది రోజులకు బయట పడతది, అప్పుడు మనం నీ ట్యాంకులనే ఏదో లోపం ఉంది సార్ అంటం.

మా బాబాయ్ కి కనగల్ సైడు బత్తాయి తోట ఉంది. ఒకసారి షాపుకొచ్చి బాటిల్ చూసి, ఇదేందిరా, ఇది మేం చెట్లకు కొట్టే మైలుతుత్తమే కదా, ఫర్టిలైజర్ షాపుల కిలోలకు కిలోలు దొరుకుతది, ఇంత చిన్న బాటిల్ కు అంత పైసలు పెడ్తవా అన్నడు. మాట నిజమే, రెండిట్లో ఉండేది రాగే. కానీ లెక్క చూడుర్రి. బత్తాయికి కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమంలో వంద లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం పడతది, మైలుతుత్తంలో నాలుగో వంతు రాగి, అంటే అందులో రాగి 2500 పీపీఎం పైనే. మన చేపకు కావాల్సింది మామూలు కాపర్ సల్ఫేట్ అయితే 0.15 నుంచి 0.20 పీపీఎం. చిటికెడు ఎక్కువైనా, అది సరిగ్గా కరగకున్నా చేప పాయె. పైగా ఉప్పునీళ్లల్ల ఉండే కార్బోనేట్ తో కలిసి అడుక్కు దిగిపోతది, పొద్దున ఉన్న లెవెల్ సాయంత్రానికి ఉండదు. తోటకు తెచ్చిన మైలుతుత్తంలో ఇంకేం కలిసి ఉంటయో కూడా తెల్వదు. అందుకే దాని జోలికి పోకుర్రి, చేపల కోసం చేసిన మందే వాడుర్రి.

కానీ బాబాయ్ దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. బోర్డో కలిపినంక నేరుగా కొట్టడు, కొడవలి కొన అందులో కాసేపు ముంచి తీసి చూస్తడు, ఇనుము మీద ఎర్రగ తుప్పు లెక్క పట్టిందంటే ఇంకా సున్నం తక్కువుందని అర్థం, అట్లనే కొడితే ఆకు మాడుతది. పదో తరగతి దాటని మనిషి టెస్ట్ చెయ్యంది చెట్టుకు మందు కొట్టడు, నేను డిగ్రీ చదివి అంచనాతో పోసిన. ఇప్పుడు నా దగ్గర కొడవలి బదులు టెస్ట్ మీటర్ ఉంటది.

సరే, పనిలోకి వద్దాం.

ఫస్ట్ క్వారంటైన్ ట్యాంకు, అంటే కొత్త చేపను మిగతావాటితో కలపకుండ వేరుగ పెట్టే ట్యాంకు. షాపుల అన్ని ట్యాంకులు కలిపిన సంప్ లైన్ లో క్వారంటైన్ చెయ్యలేం, అది మనసుల కెల్లి తీసెయ్యండి. విడిగ ఒక 3 అడుగుల గాజు ట్యాంకు చాలు, పాతదైనా లీకు లేకుంటే చాలు. అడుగున ఇసుక వద్దు, లైవ్ రాక్ (సముద్రపు రాళ్లు) వద్దు, కోరల్ ముక్కలు వద్దు, ఎందుకంటే ఇవన్నీ కాపర్ ను గుంజుకుంటయ్, మనం ఎంత పోసినా మీటర్ ల నంబర్ లేవది, తర్వాత ఎప్పుడో తిరిగి వదిలినా వదుల్తయ్. చేప దాక్కోవడానికి హార్డ్‌వేర్ షాపుల పీవీసీ పైపు ముక్కలు, పెద్ద సైజు ఎల్బోలు, టీలు కొనుక్కొచ్చి కడిగి పడెయ్యండి, గమ్ము అంటిన పాత ముక్కలు వద్దు. ఒక హీటర్, ఒక ఎయిర్ పంపు, రెండు స్పాంజ్ ఫిల్టర్లు. ఆ స్పాంజ్ లను నెల ముందు నుంచే రోగం లేని మెరైన్ సంప్ లో వేసి ఉంచాలె, బాక్టీరియా పట్టి ఉంటేనే అమోనియా కంట్రోల్ ల ఉంటది. కొత్త స్పాంజ్ పెట్టి అదే రోజు ఆరు చేపలు వేస్తే రోగం కంటే ముందు అమోనియానే చంపుతది. కార్బన్ తీసెయ్యండి, అది కాపర్ ను పీల్చేస్తది. యూవీ లైట్ ఉంటే బంద్ పెట్టండి.

ఈ ట్యాంకును మిగతా మెరైన్ ట్యాంకులకు కనీసం 10 అడుగుల దూరంల పెట్టుకోండి. వెల్వెట్ అనే ఇంకో చేప రోగం, బుడగలు పగిలినప్పుడు లేచే తుంపర్ల తోటి కూడా పక్క ట్యాంకుకు పోతది. నా దగ్గరైతే వెనక రూముల, మేత బస్తాలు పెట్టే కాడ పెట్టిన. దాని వల, బకెట్, మగ్గు, సైఫన్ పైపు అన్నిటికీ ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టిన, పనిచేసే పోరగాళ్లకు ఒక్కటే రూల్, ఎర్ర టేపు వస్తువు ఆ రూము దాటొద్దు. సగం రోగాలు వల మీదనే ప్రయాణం చేస్తయ్, తడి వల ఒక ట్యాంకుల నుంచి తీసి ఇంకో ట్యాంకుల పెట్టుడు మన షాపుల్ల మామూలే కదా. చెయ్యి పెట్టే పని కూడా క్వారంటైన్ ట్యాంకుది అన్నిటికంటే చివర్ల చెయ్యాలె.

నీళ్ల గురించి. మాది నీళ్ల శుద్ధికే పేరు పడ్డ ఊరు, పటిక, సున్నం, బ్లీచింగ్ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టిన్రు. అయినా బోరు నీళ్లు మెరైన్ కు పనికిరావు, కృష్ణా నీళ్లయితే క్లోరిన్ ఉంటది. ఆర్వో నీళ్లే తీసుకోండి, నీళ్లల్ల కరిగిన లవణాలు చూపించే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, ఇంట్ల తాగే ఆర్వో మిషన్లు రుచి కోసం టీడీఎస్ కలుపుతయ్, ఆ స్క్రూ కట్టెయ్యాలె, మిగిలిన లవణాలను కూడా తీసే డీఐ క్యాట్రిడ్జ్ ఉంటే ఇంకా మంచిది. లీటరుకు సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్. సముద్రం నుంచి క్యాన్లల్ల నీళ్లు తెస్తం అని కొందరంటరు, వద్దు నాయనా, తీరం దగ్గర నీళ్లల్ల ఏం కలుస్తదో తెల్వదు, క్వారంటైన్ చేసేదే రోగం రాకుండ, మళ్లీ బయటి నీళ్లెందుకు.

చేప వచ్చిన రోజు సంగతి జర జాగ్రత్తగ చదువుర్రి, ఇక్కడనే చానా మంది తప్పు చేస్తరు. సంచిల చేప పది పన్నెండు గంటలు ఊపిరి వదులుకుంట ఉంటది, కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతది, పీహెచ్ తక్కువున్నంత సేపు అమోనియా అంత విషం కాదు. మనం సంచి విప్పగానే గాలి తగిలి పీహెచ్ లేస్తది, అదే అమోనియా ఇప్పుడు విషమైతది. మనమేమో పద్ధతిగ చేస్తున్నం అనుకుని సన్న పైపు పెట్టి చుక్క చుక్క గంటన్నర కలుపుతం, చేప ఆ గంటన్నర విషంల కూసుంటది. అట్ల చెయ్యొద్దు. సంచి మూతి కట్టి ఉండగనే 15, 20 నిమిషాలు తేలెయ్యండి, టెంపరేచర్ సమానమైతది. ముందే సప్లయర్ ను అడిగి ఆయన ఉప్పు ఎంతల (స్పెసిఫిక్ గ్రావిటీ నంబర్) ఉంచుతడో తెలుసుకుని, 1.019 అంటే క్వారంటైన్ ట్యాంకును 1.019 కే రెడీగ పెట్టుకోండి. సంచి విప్పి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ తో చూసి కలిస్తే, చేపను మాత్రం తీసి వెంటనే వేసెయ్యాలె. సంచి నీళ్లు ట్యాంకుల పడొద్దు. తర్వాత రోజుకు 0.002 చొప్పున మెల్లగ 1.025 కు తేవాలె. ఉప్పు తగ్గించుడు చేప తట్టుకుంటది గాని పెంచుడు తొందర పడితే తట్టుకోదు.

ఆ రోజు లైట్లు వెయ్యొద్దు, మందు వెయ్యొద్దు. మొదటి రెండు రోజులు తిండి తింటదా లేదా చూడుర్రి, కుర్చీ ఏసుకుని పది నిమిషాలు కూసోని చూస్తే సగం రోగం మనకే తెలుస్తది. తెల్లగ, లెక్కపెట్టేటట్టు సన్నుప్పు రవ్వల్లాంటి చుక్కలుంటే ఇక్. అదే గోధుమపిండి జల్లెడ పట్టి దులిపినట్టు, లెక్కకు దొరకనంత సన్నగ ఉండి, చేప వెలుతురు పడక మూలకు పోయి, పంపు దగ్గర నీళ్ల ధారకు ఎదురు నిలబడి మొప్పలు గబగబ కొట్టుకుంటుంటే వెల్వెట్. వెల్వెట్ అయితే రెండు రోజులు చూద్దాం అనే మాటే లేదు, వంటి మీద పిండి కనపడక ముందే మొప్పలు పోతయ్, రెండు మూడు రోజుల్ల ట్యాంకు ఖాళీ అయితది. ఈ రెండిటికీ కాపర్ పని చేస్తది.

పని చెయ్యనివి కూడా తెల్వాలె. క్లౌన్ కు వంటి మీద జిగురు పొరలు పొరలుగ ఊడి వస్తుందంటే అది బ్రూక్లినెల్లా, దానికి కాపర్ పోస్తే ఆ టైం వేస్ట్, ఫార్మలిన్ కావాలె, అది ఘాటు విషం, దాని పద్ధతి వేరే. గ్రీన్ క్రోమిస్ కు పక్కలల్ల ఎర్రగ పుండు లేస్తే యూరోనెమా, దానికీ కాపర్ పనిచెయ్యది, అట్లాంటి చేపను వెంటనే వేరు చెయ్యాలె. రెక్క అంచుకు కాలీఫ్లవర్ లాంటి తెల్ల గడ్డ ఉంటే లింఫోసిస్టిస్, అది వైరస్, మంచిగ తినిపిస్తే చానా వరకు దానంతట అదే పోతది, కస్టమర్లు చూసి ఇక్ అనుకుని భయపడతరు. కళ్లు మబ్బుగ అయి, ఒళ్లు గోకుకుంట, తల విదిలిస్తుంటే ఫ్లూక్స్, అంటే ఒంటికి, మొప్పలకు పట్టే చదును పురుగులు, వాటికి ప్రాజిక్వాంటెల్ అనే మందు.

ఇగ డోసు. మార్కెట్ల రెండు రకాలు దొరుకుతయ్, ఈ రెండిటి నంబర్లు కలగలిపితే మాత్రం చేపలకు దినాలే. ఒకటి కుప్రమైన్ రకం, దాని టార్గెట్ 0.5 పీపీఎం. రెండోది కాపర్ పవర్ లాంటి చిలేటెడ్ రకం, అందులో రాగి ఇంకో పదార్థానికి కట్టేసి ఉంటది, మెల్లగ పని చేస్తది, దాని టార్గెట్ 2.25 నుంచి 2.5 పీపీఎం. ఎవడో 2.5 పెట్టమన్నడని కుప్రమైన్ ను 2.5 కు తీసుకపోతే పొద్దుటికి ఒక్కటి మిగలది. చిలేటెడ్ మందును 0.5 ల పెడితే పురుగుకు స్నానం చేయించినట్టే. కొత్తగ చేసేటోళ్లకు నేనైతే చిలేటెడే చెప్తా, చేప మీద కొంచెం మెత్తగ ఉంటది, లెవెల్ తొందరగ ఊగది.

లీటర్ల లెక్క కొలిచి చెయ్యాలె. నా ట్యాంకు లోపల 91 సెంటీమీటర్ల పొడుగు, 46 వెడల్పు, నీళ్లు 40 ఎత్తుకు పోస్తా, మూడు గుణించి వెయ్యితో భాగిస్తే 167, పైపు ముక్కలు, స్పాంజ్ లు పోను 160 లీటర్లు పట్టుకున్న. కుప్రమైన్ 40 లీటర్లకు 1 మిల్లీలీటర్ వేస్తే 0.25 పెరుగుతది. అంటే 160 కి 4 మిల్లీ, 48 గంటలు ఆగి ఇంకో 4 మిల్లీ, అప్పుడు 0.5. సూది తీసేసిన సిరంజి తోటి కొలిచి, ఒక మగ్గు ట్యాంకు నీళ్లల్ల కలిపి, ఎయిర్ స్టోన్ దగ్గర మెల్లగ పొయ్యాలె. చిలేటెడ్ అయినా అంతే, బాటిల్ మీదున్న మొత్తం డోసును మూడు నాలుగు భాగాలు చేసి రోజుకొకటి. చేప లివర్ కు, మొప్పలకు అలవాటు కావాలె కదా. ఒక్క వెల్వెట్ కేసుల మాత్రం ఇంకా తొందరగ పెంచుత, ఎట్లైనా సచ్చే చేపనే అది.

మీటర్ కు పైసలు పెట్టుర్రి. రంగు చూసి పోల్చే టెస్ట్ కిట్ తో 0.3 కు 0.5 కు తేడా మన షాపు ట్యూబ్‌లైట్ వెలుతుర్ల దొరకది. హన్నా వాళ్ల చిన్న డిజిటల్ చెకర్ల హై రేంజ్ కాపర్ ది ఉంటది, 0 నుంచి 5 పీపీఎం చూపిస్తది, రెండు రకాల మందులకూ పనికొస్తది. గాజు బుడ్డి మీద వేలిముద్రలు మెత్తటి గుడ్డతో తుడవాలె, లోపల బుడగలుండొద్దు, ముందు టెస్ట్ పౌడర్ కలపని అదే ట్యాంకు నీళ్లతోనే జీరో చెయ్యాలె, పౌడర్ పూర్తిగ కరిగేదాక తిప్పాలె. నంబర్ అనుమానంగ ఉంటే ఇంకోసారి చేసి చూసినంకనే మందు కలపాలె. కాపర్ టైంల రోజూ టెస్ట్, అదే గంటకు. గోడకు ఒక క్యాలెండర్ కొట్టి తేదీ గడిలనే నంబర్ రాస్త, బ్యాంకు వాళ్లు ఫ్రీగ ఇచ్చే పెద్ద గడుల క్యాలెండర్ దీనికి మస్తు పనికొస్తది.

లెక్క ఎప్పటి నుంచి? మందు మొదలు పెట్టిన రోజు నుంచి కాదు, టార్గెట్ నంబర్ ముట్టిన రోజు ఒకటో రోజు. అక్కడ్నుంచి 14 రోజులు ఒక్క రోజు కూడా కిందికి జారొద్దు. కుప్రమైన్ అయితే నేను 0.4 కిందికి రానియ్య. తొమ్మిదో రోజు జారిందంటే మళ్లీ ఒకటో రోజు, బాధైనా అంతే. 14 రోజులు ఎందుకు సరిపోతయంటే, చేప మీదున్న పురుగు 7 రోజుల్ల రాలిపోతది, కాపర్ ఉంది కాబట్టి కొత్తది ఎక్కలేదు, అంటే చేప శుభ్రం. కానీ ట్యాంకు అడుగున ఆ గూళ్లు ఇంకా ఉండొచ్చు. అందుకే 14 రోజులైనంక చేపను వేరే కొత్త ట్యాంకుకు, కొత్త నీళ్లకు, దూరంగ మార్చాలె, పాత ట్యాంకు స్పాంజ్ కూడా పోవొద్దు. రెండో ట్యాంకు లేదంటే అదే ట్యాంకుల 30 రోజులు కాపర్ నడపాలె. ఇంకో ట్యాంకు పెట్టుడే చవక.

నీళ్లు మార్చేటప్పుడు జరిగే తప్పు ఇది. 160 ల 40 లీటర్లు తీసి కొత్తవి పోసినమంటే కాపర్ పావు వంతు పోయినట్టు, 0.5 కాస్తా 0.37 అయితది. కాబట్టి కొత్త 40 లీటర్ల డ్రమ్ములనే ముందు 2 మిల్లీ కలిపి 0.5 చేసి, టెస్ట్ చేసి, అప్పుడు పొయ్యాలె. ఆవిరైన నీళ్ల కథ దీనికి ఉల్టా. ఆవిరైతే ఉప్పు పోదు, కాపర్ పోదు, నీళ్లే పోతయ్, కాబట్టి అప్పుడు ఉత్త ఆర్వో నీళ్లే పొయ్యాలె. మా షాపుల కొత్తగ చేరిన పోరడు ఈ రెండిటికీ తేడా తెల్వక తగ్గిన నీళ్లకు కాపర్ డ్రమ్ముల నీళ్లు పోసిండు, మూడు రోజులు పోసినంక నేను మీటర్ పెట్టి చూసి గుండె ఆగినంత పనైంది. అప్పటి నుంచి గాజు మీద మార్కర్ తో గీత గీసిన, గీత దిగితే తెల్ల బకెట్, నీళ్లు మార్చుడైతే ఎర్ర టేపు డ్రమ్ము.

మన ఎండల సంగతి వేరే చెప్పాల్నా. మే నెలల బయట 44 ఉంటే రేకుల షాపుల ట్యాంకు 32 దాటుతది. వేడి నీళ్లల్ల ఆక్సిజన్ తక్కువ, ఉప్పునీళ్లల్ల ఇంకా తక్కువ, కాపర్ తో మొప్పలు ఆల్రెడీ ఇబ్బందిల ఉంటయ్, మూడూ కలిస్తే పొద్దున్నే చేపలు నీళ్ల మీద నోరు తెరిచి ఉంటయ్. చిల్లర్ లేకుంటే చిన్న ఫ్యాన్ నీళ్ల మీదికి పెట్టుకోండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతది, కాకపోతే రోజుకు మూడు నాలుగు లీటర్లు ఆవిరి, ఆ గీత చూసుకుంట ఉండాలె. నేనైతే ఏప్రిల్ పదిహేను నుంచి వానలు పడేదాక కొత్త మెరైన్ సరుకే తెప్పియ్య. కరెంటు పోతే ఆన్ అయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు తప్పకుండ ఉండాలె, గాలి దుమారం వచ్చిన రాత్రి కరెంటు ఎప్పుడొస్తదో ఎవరికీ తెల్వది.

రోజూ అమోనియా కూడా టెస్ట్ చెయ్యాలె. పెరిగితే నీళ్లు మార్చుడే మందు. అమోనియాను కట్టేస్తది అని చెప్పి అమ్మే కండీషనర్ బాటిల్స్ కాపర్ ఉన్న ట్యాంకుల పొయ్యొద్దు, అవి రాగిని ఇంకా విషమైన రూపంలకు మారుస్తయ్, ముఖ్యంగ కుప్రమైన్ తోటి. ఇది తెల్వక మంచి చేద్దామని పోసి చేపల్ని చంపుకున్నోళ్లు ఉన్నరు.

అన్ని చేపలకు కాపర్ పడది. మాండరిన్, పొలుసు లేని ఈల్స్, కొన్ని రాస్‌లు, చిన్న సైజు ఏంజెల్స్ జాగ్రత్త, ఇంకా మెల్లగ పెంచాలె లేకుంటే మందు లేకుండనే నాలుగైదు వారాలు విడిగ పెట్టి చూడాలె. సొరచేప పిల్లలు, టేకు చేపల జాతికి కాపర్ అసలే వద్దు. సముద్రపు గుర్రం అయితే మన చట్టం ప్రకారం కాపాడే జాతి, దాన్ని అమ్ముడే నేరం, ట్రీట్‌మెంట్ సంగతి తర్వాత. రొయ్యలు, నత్తలు, ఎండ్రికాయలు, ఎనిమోన్, కోరల్ కాపర్ నీళ్లల్ల బతకవు. ట్యాంగ్‌లు, పౌడర్ బ్లూ అయితే మరీ, చుక్క ఉన్నా లేకున్నా నేను కాపర్ పెడత. సముద్రంలో పట్టినవి కాకుండ హ్యాచరీల పుట్టిన క్లౌన్లు ఇప్పుడు దొరుకుతున్నయ్, సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు మన దేశంలనే క్లౌన్ పిల్లలు తీసే పద్ధతి తయారు చేసిన్రు, అవి నేరుగ హ్యాచరీ నుంచి వస్తే నాలుగు వారాలు చూస్త, మందు పొయ్య. హోల్‌సేల్ కాడ సముద్రంల పట్టిన చేపలతో నాలుగు రోజులు కలిసి ఉంటే మాత్రం అవీ పట్టిన చేపల కిందే లెక్క.

కాపర్ నడుస్తున్నప్పుడు చేప ఒకటి రెండు రోజులు తిండి తగ్గిస్తది, అది మామూలే. మొత్తం బంద్ పెట్టి, రంగు నల్లబడి, అడుగున పక్కకు ఒరిగి గబగబ మొప్పలాడిస్తే ఎక్కువైనట్టు. వెంటనే టెస్ట్, నంబర్ ఎక్కువుంటే కాపర్ లేని నీళ్లతో సగం మార్చి తగ్గించాలె. నంబర్ కరెక్ట్ గ ఉండి కూడా చేప పడిపోతుంటే అమోనియా చూడుర్రి, పదిల ఏడుసార్లు నా దగ్గర అదే.

కాపర్ అయిపోయినంక కొత్త ట్యాంకుల ప్రాజిక్వాంటెల్ రెండు డోసులు, మధ్యల వారం గ్యాప్, ఎందుకంటే మొదటి డోసు ఫ్లూక్ గుడ్లను చంపది, పొదిగినంక రెండో డోసు కావాలె. దీనికి కూడా పశువుల మందుల షాపుల కుక్క నట్టల గోళీ తెచ్చి నూరి పోసినోళ్లు ఉన్నరు, ఆ గోళీల్ల ప్రాజిక్వాంటెల్ తో పాటు వేరే మందులు కూడా కలిసి ఉంటయ్, చేపల కోసం వచ్చేదే కొనుర్రి. ఈ మందు వేసిన రోజు గాలి డబుల్ పెట్టాలె. తర్వాత ఇంకో వారం పది రోజులు ఏ మందు లేని నీళ్లల్ల ఉత్తగ చూసుడే, మంచిగ తినిపించి బలం పట్టియ్యాలె, ట్యాంగ్‌కు నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు) క్లిప్పుకు పెట్టి.

మొత్తం కలిపితే ఐదు వారాలైతది. షాపుకు ఇది భారమే, కరెంటు, ఉప్పు, మేత, చేప అంత సేపు పైసలు ఆపుకుని కూసుంటది. నేను చేసేది ఏందంటే చేప వచ్చిన రోజే ఫొటో పెడత, కావాల్నంటే సగం అడ్వాన్స్ తీసుకుంట, క్వారంటైన్ అయ్యేదాక చేప మా దగ్గరే, మధ్యల పోతే పైసలు వాపస్. ట్యాంకు మీద పలక కట్టిన, దాని మీద చాక్‌పీస్ తో, వచ్చిన తేదీ, కాపర్ 9వ రోజు, నిన్నటి నంబర్ 2.4 అని ఉంటది. కస్టమర్లు అది చదివి, పక్క షాపుల చవకగ ఇస్తున్నరు అనే మాట చానా వరకు బంద్ పెట్టిన్రు. మిర్యాలగూడ అన్న కూడా ఏడాది తర్వాత వచ్చిండు, చేపను చూడక ముందు ఆ పలక చూసిండు, చదివి, ఇది అప్పుడు పెట్టాల్సిందిరా అన్నడు. ఆయన ట్యాంకును చేప లేకుండ 76 రోజులు ఖాళీగ నడిపించిన తర్వాతే కొత్త జత ఇచ్చిన, ఎందుకంటే ఆ 72 రోజుల గూళ్లు రాళ్లల్ల ఉంటే చేప దొరక్క చావాలె కదా.

ఆఖరికి ఆ కాపర్ నీళ్లు ఏం చెయ్యాలె. ముందు కార్బన్ గాని కాపర్ పీల్చే రెసిన్ గాని రెండు మూడు రోజులు నడిపి, మీటర్ జీరో దగ్గరికి వచ్చినంక బాత్రూం డ్రైనేజీల పోస్త. మొక్కలకు పొయ్యొద్దు, ఉప్పుకే చస్తయ్. మాకు పానగల్ చెరువు దగ్గర, పాలమూరోళ్లకు పెద్దచెరువు దగ్గర, పోరగాళ్లు బండి మీద తీసుకపోయి పోసి వస్తం అంటరు, అస్సలు వద్దు, నత్తలు, చిన్న రొయ్యలు ఇంత రాగికే పోతయ్. ఖాళీ ట్యాంకును బ్లీచింగ్ నీళ్లతో రుద్ది, మంచిగ కడిగి, మన ఎండ ఉంది కదా, రెండు రోజులు మిద్దె మీద పెట్టి ఎముకలా ఎండబెట్టాలె, వలలు, పైపులు అన్నీ. సిలికాన్ జాయింట్లల్ల కొంచెం రాగి ఉండిపోయినా ఉండిపోవచ్చు కాబట్టి ఆ ట్యాంకును జన్మల రొయ్యలకు, కోరల్‌కు వాడొద్దు, దాని మీద పెద్ద అక్షరాలతో కాపర్ అని రాసి పెట్టుకోండి, రేపు మీరు షాపుల లేనప్పుడు ఎవరైనా అందులో క్లీనర్ ష్రింప్ వేస్తరు.